మొన మీద గుడ్డ కప్పిన పడవ

ఇందులో ప్రతి అక్షరం నిజం. తినే అన్నం మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను.

నవ్వకండి. నా సంగతి మీకు తెలుసని నాకూ తెలుసు. చాంగీ విమానాశ్రయంలో రన్‌వే మీద మొసలి అడ్డంగా పడుకుంటే గొడుగుతో అదిలించానని చెప్పింది నేనే. పన్నెండో అంతస్తు కిటికీలోంచి కోతి వచ్చి ఆఫీసు బ్యాడ్జి ఎత్తుకుపోయిందని మేనేజరును నమ్మించి సెలవు పుచ్చుకున్నదీ నేనే. అవన్నీ కోతలు. ఒప్పుకుంటున్నాను. కానీ కోతలు కోసేవాడికి కూడా బతుకులో ఒక్కసారి నిజం ఎదురవుతుంది. అప్పుడు ఎవరూ నమ్మరు. అదే వాడికి శిక్ష.

ఆ లైటు ఆర్పకండి. ఉండనివ్వండి... చెబుతాను.

వైటూకే గండం గడిచి ఏడాది తిరిగింది. అప్పట్లో సింగపూర్‌లో తెలుగువాళ్ల ఏ ఫ్లాట్ తలుపు తట్టినా లోపల ముగ్గురు ప్రోగ్రామర్లు, ఒక రైస్ కుక్కర్ ఉండేవి. హౌగాంగ్‌లో మా ఫ్లాటూ అంతే. మిగతా ఇద్దరూ బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు. నేను సముద్రం రాసేవాణ్ణి.

నిజంగానే. తువాస్‌లో, షిప్‌యార్డుల పక్కన, నాలుగంతస్తుల గోదాము భవనం. పై అంతస్తులో మా చిన్న కంపెనీ. ఓడ నడపడం నేర్చుకునేవాళ్ల కోసం ఉత్తుత్తి ఓడ తయారుచేసేవాళ్లం. ఒక గది. కిటికీల్లేవు. లోపల అచ్చం ఓడలో ఉన్నట్టే చుక్కాని చక్రం, రాడార్ తెర, రేడియో. ఎదురుగా గోడంత వంపు తెర. దాని మీదికి ప్రొజెక్టర్లు సముద్రాన్ని పోసేవి. అలలు, చీకటి, వాన... అన్నీ. నేల అంగుళం కదలదు. అయినా కాసేపు నిలబడితే కాళ్లు తూలేవి. కొత్తగా వచ్చినవాళ్లు ఇద్దరు వాంతి చేసుకున్నారు కూడా. ఇది కోత కాదు.

ఆ గది వెనక గోడకు అద్దం. అద్దం అవతల ఒక బల్ల. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాడే దేవుడు. గాలి ఎటు వీచాలో, వాన ఎప్పుడు పడాలో, ఏ పడవ ఎక్కణ్ణుంచి రావాలో వాడే నిర్ణయిస్తాడు. ఇంకో పని కూడా వాడిదే. లోపల ఓడ నడిపే మనిషి రేడియోలో ఎవరిని పిలిచినా వాడే పలకాలి. హార్బరు ఆఫీసరూ వాడే, ఎదురొచ్చే ఓడ కెప్టెనూ వాడే, చేపలు పట్టే ముసలాడూ వాడే. ఒక రిసీవరు, దానికో బొత్తాం. నొక్కితే బల్ల మీద ఎర్రదీపం వెలుగుతుంది. మాట లోపలికి వెళుతుంది.

ఆ బల్ల నాది. నాకన్నా తగినవాడెవడు, మీరే చెప్పండి. పూటకు పది గొంతులు మార్చేవాణ్ణి.

అక్కడికి వచ్చారు కమాండర్ గారు.

పేరు చెప్పను. ఏ జెండా కింద పనిచేశారో, అది ఎవరి యుద్ధమో కూడా చెప్పను. చెప్పనని మాటిచ్చాను. బందరు వైపు తెలుగు మాట్లాడే మనిషి. అరవై నిండలేదు గానీ తల ముగ్గుబుట్ట. నౌకాదళం నుంచి ముందే బయటికి వచ్చేశారు. తీరగస్తీ నేర్పే బడి ఒకటి మా ఉత్తుత్తి ఓడను కొనబోతోంది. గస్తీ పాఠం సరిగ్గా ఉందో లేదో చూడటానికి మావాళ్లు ఆయన్ని మూడు నెలల పనికి పిలిపించారు.

మొదటి రోజు మధ్యాహ్నం భోజనానికి ఆయన్ని పక్కనున్న హాకర్ సెంటర్‌కు తీసుకెళ్లాను. ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వరసలో నిలబడబోతుంటే ఆయన ఆపారు.

"అదేమిటోయ్, జేబులోది అక్కడ పారేశావు?"

"చోప్ చేశాను సర్. ఈ బల్ల మనదని గుర్తు. ఇక ఎవరూ కూర్చోరు."

"కాగితం పొట్లానికి భయపడా?"

"కాగితం పొట్లానికే సర్."

ఆయన పగలబడి నవ్వారు. "నేను రెండేళ్లు ఒక తీరం మొత్తం చోప్ చేశానోయ్. ఓడ పెట్టాను, తుపాకులు పెట్టాను, ముప్ఫై మంది మనుషుల్ని పెట్టాను. అయినా పడవలు దూరిపోతూనే ఉండేవి. ఈ కిటుకు ఎవడూ చెప్పలేదు నాకు."

అలా మొదలైంది. తర్వాత రోజుకు కాస్త చొప్పున చెప్పేవారు.

ఒక ద్వీపం. అక్కడివాళ్లు వాళ్లలో వాళ్లు కొట్టుకు చస్తున్నారు. ఒక పక్క తీరానికి మందుగుండు చేరకుండా సముద్రం మీద అడ్డంగా నిలబడాలి. దిగ్బంధం. పేరు వింటే మహా యుద్ధం అనిపిస్తుంది. "యుద్ధం కాదోయ్, నైట్ వాచ్‌మన్ ఉద్యోగం" అనేవారాయన. ఇరవై మైళ్ల గీత. పైకి, కిందికి. మళ్లీ పైకి, మళ్లీ కిందికి. గానుగెద్దు తిరిగినట్టు. చీకటి పడితే ఓడలో ఒక్క దీపం ఉండకూడదు. అగ్గిపుల్ల గీసినా శిక్షే. నాలుగు గంటలు కాపలా, నాలుగు గంటలు నిద్ర. ఆ నిద్రా బూట్లతోనే. ఉప్పుగాలికి మెడ చుట్టూ పుండ్లు. డబ్బాపాలు పోసిన టీ, రేకు మగ్గులో. ఇంటి నుంచి ఉత్తరాలు సరుకుల పడవతో నెలకోసారి. కూతురికి జ్వరమని ఈయన చదివి కంగారుపడే వేళకు అక్కడ ఆ పిల్ల కోలుకుని బడికి పోతూ ఉండేది.

"అన్నిటికన్నా కష్టం ఏది సర్?" అని అడిగాను ఒకరోజు.

"మనకి కావలసినవాడు చేపలవాడిలాగే ఉంటాడు. చేపలవాడేమో వాడిలా ఉంటాడు. చీకట్లో ఇద్దరిదీ ఒకటే పడవోయ్."

ఇంకోరోజు హాకర్ సెంటర్‌లో, నేను అడక్కుండానే, ఒక పడవ సంగతి చెప్పారు.

తెల్లవారడానికి ఇంకా రెండు గంటలుంది. వాయవ్యం నుంచి దీపం లేకుండా ఒక నాటుపడవ వచ్చింది. సెర్చిలైటు వేశారు. మొన మీద ఏదో ఉంది. పైన గుడ్డ కప్పి ఉంది. గుడ్డ అంచు కింద ఒక చక్రం, పక్కన ఇనప చెయ్యిలాంటిది. ఒక ముసలాయన లేచి నిలబడి రెండు చేతులూ ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. ఓడ ఇంజన్ల మోతలో వినపడలేదు. ఇంతలో పడవలో ఇంకెవరో వంగి ఆ గుడ్డ లాగబోయారు...

"పది లెక్కపెట్టాను. తర్వాత కాల్చమన్నాను."

నేను తుంచిన పరోటా ముక్క చేతిలోనే ఉండిపోయింది.

"మరి... గుడ్డ కింద?"

"మరతుపాకి అని లాగ్ బుక్కులో రాశాను."

ఉందని అనలేదు. రాశానన్నారు. ఆ తేడా నాకప్పుడు తట్టలేదు.

కాసేపు టీ గ్లాసు వంకే చూశారు. "ఇంజన్లు ఆపి ఉంటే వినపడేదోయ్. పదేళ్లు దాటింది. పడుకుంటే అదే. ఏమని అరిచాడు... ఏమని?"

ఇక ఆ రాత్రి.

శుక్రవారం. సోమవారం పొద్దున కొనేవాళ్లు వస్తారు. పగలంతా ఆ గదిలో క్లాసులు నడుస్తాయి కాబట్టి మా పరీక్షలన్నీ రాత్రిపూటే. కుండపోతగా వాన. షిప్‌యార్డు పనివాళ్లను డార్మిటరీలకు తీసుకెళ్లే లారీలు నీళ్లు చిమ్ముకుంటూ పోతున్నాయి. వెనక కూర్చున్నవాళ్లు నీలం పట్టా ఒకటి తలల మీద పట్టుకుని కూర్చున్నారు.

కింద గేటు దగ్గర కాపలా అప్పలస్వామి అంకుల్. ముత్తాతల కాలంలో విశాఖ రేవులో ఓడెక్కి వచ్చిన కుటుంబం. ఆయన తెలుగులో సగం తమిళం, పావు మలయ్.

"ఏం తంబీ, ఈ రాత్రి కూడానా? మకాన్ అయిందా? తిన్నావా లేదా?"

"తిన్నాను అంకుల్. దెయ్యాలు గియ్యాలు వస్తే పైకి పంపకండి, పని ఉంది."

"ఈ బిల్డింగుల దెయ్యాలుండవు లా. రెంట్ కట్టలేక అన్నీ బోర్డరు దాటి జొహోర్ పోయాయి."

నవ్వుకుంటూ లిఫ్ట్ ఎక్కాను. ఆ రాత్రి నవ్వడం అదే ఆఖరు.

కమాండర్ గారు అప్పటికే వచ్చి ఉన్నారు. తెల్లచొక్కా. మెడ దాకా గుండీలు. బూట్లు అద్దంలా మెరుస్తున్నాయి. రోజూ చెప్పులతో వచ్చే మనిషి.

"సూరీ, పాఠం అంతా అయ్యాక చివర్లో ఒక పడవ పంపించు. దీపం వద్దు. వాయవ్యం నుంచి... మెల్లగా."

ఏ పడవో నాకు అర్థమైంది.

"ఎందుకు సర్ అది?"

"ఎప్పుడు కాల్చాలో, ఎప్పుడు ఆగాలో ఇరవయ్యేళ్ల కుర్రాళ్లకి నేర్పే పాఠమోయ్ ఇది. ఆ రాత్రి నేను పది లెక్కపెట్టాను. ఇవాళ ఇంజన్లు ఆపేసి అరవై లెక్కపెడతాను. ఆగగలిగానా, సోమవారం పాఠం చెబుతాను. ఆగలేకపోయానా... రేపే పెట్టె సర్దుకుంటాను."

"మీరు రేడియోలో పిలుస్తారా? నేను పలకనా?"

చూపుడు వేలు నా ముఖం ముందు పెట్టారు. "అదే వద్దంటున్నాను. నీ మిమిక్రీ నా దగ్గర వద్దు. నేను పిలుస్తాను. ఎవరూ పలకరు. ఆ నిశ్శబ్దాన్ని నేను తట్టుకోవాలి. నోరు మెదపనని మాటియ్యి."

"మెదపను సర్."

ఆయన లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు.

గదిలో దీపాలన్నీ తీసేయమన్నారు. నా బల్ల మీది చిన్న దీపం కూడా. ఇక మిగిలింది రాడార్ తెర మీద గుండ్రంగా తిరిగే ఆకుపచ్చ గీత ఒక్కటే. అది తిరిగినప్పుడల్లా ఆయన ముఖం సగం కనిపించి మాయమయ్యేది. స్పీకర్లలో ఇంజన్ల దడదడ. ప్రొజెక్టరు ఫ్యాన్లు... గుయ్‌... మని. ఏసీ ఎముకల్లోకి దిగుతోంది.

పాఠం మామూలుగానే సాగింది. మూడు పడవలు పంపాను. మూడింటినీ చక్కగా ఆపి, అడిగి, వెనక్కి తిప్పారు. మూడింటికీ నేనే పలికాను. ఒకదానికి ముక్కుతో మాట్లాడే చైనా తాతలా కూడా పలికాను. ఆయన కొంచెం నవ్వారు.

తర్వాత... ఆ పడవ పంపాను.

రాడార్ మీద చిన్న చుక్క. కనిపించింది. పోయింది. మళ్లీ కనిపించింది. చక్రం మీద ఆయన చేతులు బిగుసుకోవడం అద్దంలోంచి కనిపించింది. చుక్క దగ్గరకొచ్చింది. ఇంకా దగ్గరకొచ్చింది...

"కుడి పక్కన పడవ. దీపం లేదు" అన్నారు.

నాతో కాదు. నా పేరు పిలవలేదు. పక్కకు తిరిగి, అక్కడ ఎవరో నిలబడి ఉన్నట్టు అన్నారు. గొంతు కూడా వేరు. పదేళ్లు తగ్గిన గొంతు.

"ఇంజన్లు ఆపండి."

ఇంజన్ల మోత తీసేశాను. ఒక్కసారిగా చెవులు మూసుకుపోయినట్టయింది.

సెర్చిలైటు వెలిగింది. నల్లటి నీళ్ల మీద తెల్లటి గుండ్రం. గుండ్రంలో పడవ. మాకున్న నాలుగైదు బొమ్మల్లో అదొకటి. మామూలు చేపల పడవ. అందులో మనిషి బొమ్మ కూడా పెట్టలేదు. మొన ఖాళీ. నాకు బాగా తెలుసు, ఆ బొమ్మను దగ్గరుండి గీయించింది నేనే.

"గుడ్డ కప్పి ఉంది" అన్నారాయన.

నేను మళ్లీ చూశాను. ఏమీ లేదు.

ఆయన రేడియో రిసీవరు తీసుకున్నారు. తమిళంలో పిలిచారు. ఎవరది? గుడ్డ కింద ఏముంది? రెండుసార్లు అడిగారు. నా చేతిలో నా రిసీవరు ఉంది. అలవాటు కొద్దీ తీశాను. కానీ నోరు మెదపలేదు.

"ఒకటి..."

లెక్క మొదలైంది.

"రెండు... మూడు..."

మెల్లగా. అంకెకూ అంకెకూ మధ్య ఆయన ఊపిరి వినపడుతోంది. పడవ కదులుతోంది. ఇటే వస్తోంది.

"తొమ్మిది... పది."

అక్కడ ఆగారు. చాలాసేపు. మళ్లీ... "పదకొండు." హమ్మయ్య అనుకున్నాను. ఇరవై దాటింది. ఇరవై అయిదు. ఆయన కుడిచెయ్యి చక్రం మీంచి జారింది. చక్రం పక్కనే తుపాకి మీట. పొరపాటున తగలకుండా దాని మీద ఎర్రటి ప్లాస్టిక్ మూత. చెయ్యి అటు వెళుతోంది. ఆయనకు తెలిసి వెళుతోందో, తెలియక వెళుతోందో.

"ముప్ఫై మూడు..."

మూత తెరిచిన చప్పుడు. టక్.

"ముప్ఫై ఎనిమిది... ముప్ఫై..."

అంకె తప్పింది. మళ్లీ ముప్ఫై ఎనిమిది అన్నారు. వేలు మీట మీద ఉంది. రాడార్ గీత తిరిగినప్పుడల్లా ఆ వేలు పచ్చగా మెరుస్తోంది. సర్, ఇది బొమ్మ సర్, అని అరుద్దామనుకున్నాను. మాటిచ్చానని ఆగాను.

అప్పుడు... స్పీకర్లో ఎవరో దగ్గారు.

ముసలి దగ్గు. రెండుసార్లు. తర్వాత చిన్న గరగర. తర్వాత గొంతు...

"సుట్టుడాదీంగయ్యా... ఇదు... తైయల్ మిషిన్..."

బల్ల మీద ఎర్రదీపం వైపు చూశాను. వెలగలేదు. బొత్తాం వైపు చూశాను. నా బొటనవేలు దానికి అంగుళం దూరంలో ఉంది. నొక్కలేదు. నేను నొక్కలేదు.

లోపల మూత మూసిన చప్పుడు. టక్.

లెక్క ఆగిపోయింది. పడవ మెల్లగా వెలుగు గుండ్రంలోంచి జారి చీకట్లోకి పోయింది. ఆయన లైటు దాని వెంట తిప్పలేదు. చాలాసేపటికి రిసీవరులో ఒక్క మాట అన్నారు. ఈసారి తెలుగులో.

"పో తాతా. పో."

తలుపు తెరుచుకుంది.

ఆ ముఖం నేను వర్ణించలేను. ఎన్నో ముఖాలు కల్పించి వర్ణించినవాణ్ణి, ఇది మాత్రం నా వల్ల కాదు. వచ్చి బల్ల మీద రెండు చేతులూ ఆనించారు.

"నువ్వేనా?"

"కాదు సర్."

"సూరీ. నిజం చెప్పు. కోప్పడను. నువ్వేనా?"

"తల్లి మీద ఒట్టు సర్. బొత్తాం ముట్టుకోలేదు."

"రికార్డింగు పెట్టు. విందాం."

"గొంతు రికార్డు చేసే ప్రోగ్రాం ముక్క ఇంకా రాయలేదు సర్. బొమ్మ ఒక్కటే ఉంటుంది."

ఆయన నేల మీద కూర్చుండిపోయారు. ఆ మెరిసే బూట్లతోనే, గోడకు ఆనుకుని.

"ఏమన్నాడో అర్థమైందా నీకు?"

"మిషిన్ అన్న మాట ఒక్కటే సర్."

"కాల్చకండయ్యా, ఇది కుట్టుమిషను... అన్నాడు."

ప్రొజెక్టరు ఇంకా తిరుగుతూనే ఉంది. ఖాళీ సముద్రం.

"తెల్లారాక ఓడ అదే చోటికి తిరిగొచ్చింది సూరీ. పడవ లేదు. మనుషుల్లేరు. నీళ్ల మీద దారపు రీళ్లు. కర్ర రీళ్లు, చిన్నచిన్నవి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. దారాలు ఊడిపోయి అలల మీద పరుచుకున్నాయి. మా ఓడ మొనకి చుట్టుకుంటున్నాయి. నా పక్కనున్న నావికుడు నా మొహం చూశాడు. నేను దారి మార్చమన్నాను. లాగ్ బుక్కు రాత్రే రాసేశాను. దిద్దలేదు. ఆ నావికుడు పోయి ఆరేళ్లయింది. నా భార్యకి కూడా చెప్పలేదోయ్ ఈ ముక్క. ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసు." ఆగి, తలెత్తి చూశారు. "మరి ఎవరు పలికారు?"

ఆయన చెయ్యి పట్టుకుని లేపాను. మంచుగడ్డలా ఉంది. లిఫ్ట్ కోసం ఆగలేదు. మెట్ల మీదుగానే దిగాం.

మమ్మల్ని చూసి అప్పలస్వామి అంకుల్ కుర్చీలోంచి లేచాడు. "ఐయో, ఏమయింది తంబీ? రెంట్ కట్టే దెయ్యం వచ్చిందా?"

ఎవరూ నవ్వలేదు. ఆయన మళ్లీ ఏమీ అడక్కుండా ఫ్లాస్కు తీసి రెండు గ్లాసుల్లో కాఫీ పోసి మా చేతుల్లో పెట్టాడు. తెల్లవారే దాకా ముగ్గురం ఆ గేటు దగ్గరే వాన చూస్తూ కూర్చున్నాం.

సోమవారం కమాండర్ గారు పాఠం చెప్పారు. బ్రహ్మాండంగా చెప్పారు. ముందు ఇంజన్లు ఆపండి, తర్వాత వినండి, అరవై లెక్కపెట్టండి, అప్పటికీ చెయ్యి మీట మీదికి పోతుంటే ఇంకో అరవై లెక్కపెట్టండి, అన్నారు. కొనడానికి వచ్చినవాళ్లు తలలూపారు.

ఆ వారమే ఉత్తరం రాశారు. తన పాత దళానికి. నాకు చూపించారు. ఫలానా రాత్రి లాగ్ బుక్కులో మరతుపాకి అని రాసిన చోట కుట్టుమిషను అని దిద్దవలసిందని, ఆ సంగతి తనకు మర్నాడే తెలుసని, తెలిసీ దాచానని. కింద పూర్తి పేరు, సంతకం.

"ఇది పంపితే ఏమవుతుంది సర్?"

"విచారణ అంటారు. పరువు పోతుంది. పెన్షను కూడా పోవచ్చు."

"ఎవరూ అడగలేదు కదా సర్..."

"ఆ ముసలాయన పదేళ్లు ఆగి, సముద్రం దాటి, ఈ తువాస్ దాకా వచ్చి చెప్పి వెళ్లాడోయ్. నేను ఒక కవరుకి స్టాంపు అంటించలేనా?"

బూన్ లే రైలు స్టేషను బయట పోస్టుడబ్బాలో వేశారు. నేను పక్కనే ఉన్నాను. కవరు లోపల పడిన చప్పుడు కూడా విన్నాను. మూడు నెలలు కాగానే వెళ్లిపోయారు. విచారణకు పిలిచారని ఎవరో చెప్పారు. ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు. ఆయన మళ్లీ ఫోను చేయలేదు. నేను కూడా చేయలేదు.

ఎందుకు చేయలేదంటే...

ప్రతి అక్షరం నిజమని చెప్పాను కదా. ఒక్కచోట అబద్ధమాడాను. మీతోనూ, ఆయనతోనూ.

బొత్తాం నొక్కింది నేనే.

ఎర్రదీపం వెలిగింది. దగ్గింది నేను. ముసలి గొంతు పెట్టింది నేను. జాలితో పలికానా, మాటిచ్చాక కూడా ఆగలేని నోటి దురదతోనా అంటే, ఇప్పటికీ చెప్పలేను. ఆయన వేలు మీట మీద ఉంది, నా వేలు బొత్తాం మీదికి పోయింది. అంతే. కాల్చకండయ్యా అని మొదలుపెట్టాను. బియ్యం అని ముగిద్దామనుకున్నాను. ప్రమాణంగా. 'అరిసి' అన్న మాట నాలుక చివర తయారుగా ఉంది. నాకొచ్చిన తమిళం ఎంతని? టీ అడగడానికి, బియ్యం కొనడానికి, సారీ చెప్పడానికి, పైగా సినిమాల్లో విన్న కాల్చకండి లాంటి నాలుగు ముక్కలు. తైయల్ అంటే కుట్టుపని అని ఆయన చెప్పిన తర్వాతే నాకు తెలిసింది.

మరి నా నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చింది?

పేర్లు దాచి మా ఆవిడకు ఒకసారి చెప్పాను. సెరంగూన్ రోడ్డు తమిళుల బజారులో ఏ దర్జీ కొట్టు ముందో విని ఉంటారు, బుర్రలో ఉండిపోయి ఉంటుంది, అంది. అయి ఉండవచ్చు. అలాగే అనుకుంటూ ఇన్నేళ్లు గడిపాను. ఆయన నువ్వేనా అని అడిగినప్పుడు అవునని ఉంటే, నీకెలా తెలుసు అని అడిగేవారు. దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే ఒట్టు పెట్టాను. ఆ ఒట్టును నమ్మి ఆ మనిషి ఉత్తరం పోస్టు చేశాడు.

ఆ రాత్రి రికార్డింగు ఉండేది. గొంతు రికార్డు చేసే ముక్క నేను రెండు వారాల ముందే రాశాను. ఒక్కసారి వింటే తేలిపోయేది... నేను మాట్లాడింది ఎక్కడి దాకా, ఆ తర్వాత పలికింది ఎవరి గొంతు అని. పడవ పోయాక ఆయన ఇంకా లోపల చక్రం దగ్గరే నిలబడి ఉన్నారు. నాకు కావలసినంత సమయం ఉంది. హెడ్‌ఫోన్ చేతిలోకి కూడా తీసుకున్నాను.

వినకుండానే చెరిపేశాను.